ఫైరింజన్ వచ్చేలోపు: ఇంటికి, కొట్టానికి, గడ్డివాముకు ఎండాకాలపు అగ్గి జాగ్రత్తలు

యాసంగి కోతలు దగ్గరపడినప్పుడల్లా నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పాఠకులు ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతున్నారు. గడ్డివాము ఎక్కడ వేయాలి, గ్యాస్ వాసన వస్తే ముందు ఏం చేయాలి, మంట లేచాక మొదటి ఫోన్ ఎవరికి చేయాలి? వీటన్నిటికీ, పనులు చేయవలసిన వరుసలోనే, ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అగ్నిమాపక కేంద్రాలు పట్టణాల్లో ఉంటాయి. ఊళ్లు, తండాలు, చెలకల దగ్గరి కొట్టాలు వాటికి చాలా దూరంలో ఉంటాయి. ఫైరింజన్ ఎంత తొందరగా బయలుదేరినా, మొదటి పది పదిహేను నిమిషాలు ఇంటివాళ్లూ ఇరుగుపొరుగువాళ్లే మంటతో తలపడవలసి వస్తుంది. ఆ సమయంలో చేతికి అందవలసినవన్నీ శివరాత్రి నాటికే సిద్ధంగా ఉండాలి. కింద చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం మంట లేవకముందు చేయవలసినవే.

1. శివరాత్రికి ముందే ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి

పగటి వెలుగులో, ఇంట్లో ఇంకొకరిని వెంటబెట్టుకొని, వాకిలి నుంచి దొడ్డి దాకా నడవండి. కాగితం మీద మూడే విషయాలు రాసుకోండి: ఎక్కడ నిప్పు పుట్టగలదు, దాని పక్కన అంటుకునేది ఏముంది, అక్కడికి నీళ్లు ఎలా చేరతాయి.

పొయ్యి పక్కన కట్టెల మోపు, మీటరు కింద పాత గోనె సంచులు, కొట్టం పైకప్పుకు ఆనుకొని వేలాడే సర్వీసు వైరు, స్ప్రేయర్ పక్కనే పెట్రోలు డబ్బా — చాలా ఇళ్లలో ఈ నాలుగింటిలో కనీసం రెండు కనిపిస్తాయి. ఆ పూటే వాటిని విడదీయండి. నిప్పు పుట్టే చోటును మార్చలేకపోతే, అంటుకునే వస్తువును అక్కడినుంచి తీసివేయండి.

2. కరెంటు లేకుండా అందే నీళ్లు

చాలామంది ఇక్కడే పొరపడతారు. బోరు ఉంది, మోటారు ఉంది, నీళ్లకు కొదవ లేదని ధైర్యంగా ఉంటారు. కానీ మంట లేచిన వెంటనే మెయిన్ ఆపాలి, లేదా లైన్‌మన్ సరఫరా నిలిపివేయాలి. అప్పుడు బోరు నడవదు. అందువల్ల, కరెంటు లేకపోయినా చేతికందే నీళ్లనే మీ దగ్గర ఉన్న నీళ్లుగా లెక్కపెట్టుకోండి.

– కొట్టం దగ్గర ఒకటి, గడ్డివాము దగ్గర ఒకటి చొప్పున 200 లీటర్ల డ్రమ్ములు నింపి, మూత పెట్టి ఉంచండి. మూత లేకపోతే దోమలు పెరుగుతాయి, పిల్లలకూ ప్రమాదం.
– ప్రతి డ్రమ్ము పక్కన రెండు బకెట్లు పెట్టి, వాటిని వేరే పనికి వాడవద్దు.
– మేడ మీద ట్యాంకు ఉంటే, దాని నల్లాకు సరిపోయే పైపును వాకిలి చివరి దాకా చేరేంత పొడవు కొని, ఒకసారి బిగించి చూడండి.
– ఒక కుప్ప ఇసుక లేదా పొడి మట్టి, ఒక పార, పొడుగాటి కర్రకు బిగించిన కొక్కెం ఒకచోట ఉంచండి.
– చేతితో కొట్టే స్ప్రేయర్‌ను మందు వాసన లేకుండా కడిగి ఉంచితే, చిన్న మంటలకు బాగా పనికొస్తుంది.

పల్లె ప్రగతి కార్యక్రమంలో గ్రామ పంచాయతీలకు సమకూర్చిన ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు మీ ఊరికి మొదటి ఫైరింజన్ కాగలవు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దుగూకే వేళకు ట్యాంకరు నింపి పెట్టాలని, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలియాలని గ్రామసభలో అడగండి. మొక్కలకు నీళ్లు పోసి ఖాళీగా నిలబెట్టిన ట్యాంకరు రాత్రి పూట ఎవరికీ ఉపయోగపడదు.

3. వంటింట్లో గ్యాస్

సిలిండర్ ఇంటికి వచ్చినప్పుడు, తెచ్చిన మనిషి వెళ్లకముందే చూడవలసినవి ఇవి. సీలు సరిగా ఉండాలి. మూత తీశాక వాల్వు లోపల రబ్బరు వాషరు చిట్లకుండా ఉండాలి. పై రింగును మోసే ఇనుప పట్టీ లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు రాసి ఉంటాయి. అది సిలిండర్‌కు మళ్లీ పరీక్ష జరగవలసిన గడువు. ఎ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జూలై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు. సి–28 అని ఉంటే 2028 సెప్టెంబరు వరకు గడువు ఉన్నట్టు. గడువు దాటిన సిలిండర్‌ను తీసుకోకుండా తిప్పి పంపండి.

బిగించేటప్పుడు ఈ వరుస పాటించండి.

– సిలిండర్‌ను నిలువుగా, నేల మీదనే నిలబెట్టండి. పొయ్యి దానికంటే ఎత్తులో, గట్టు మీద ఉండాలి.
– ఇంట్లో దీపం, అగరుబత్తి, కట్టెల పొయ్యి వెలుగుతూ ఉంటే ముందు వాటిని ఆర్పండి.
– రెగ్యులేటర్ బిగించాక సబ్బు నురగను వాల్వు చుట్టూ, పైపు రెండు చివర్లా పూయండి. బుడగలు లేస్తే గ్యాస్ కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూడడం ఎన్నడూ చేయరాదు.
– గ్యాస్ ఏజెన్సీ ఇచ్చే ‘సురక్ష’ రకం పైపునే వాడండి. ఐదేళ్లకోసారి, పగుళ్లు కనిపిస్తే అంతకుముందే మార్చండి. పైపుకు గుడ్డ, ప్లాస్టిక్ తొడుగు చుట్టవద్దు, పగుళ్లు కనిపించవు.
– పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపండి. పొయ్యి బటన్ ఒక్కటే ఆపితే పైపులో గ్యాస్ నిలిచే ఉంటుంది.

వాసన వచ్చినప్పుడు: వంట గ్యాస్ గాలికంటే బరువైనది, అందుకే నేల వెంబడి, గడపల దగ్గర, మూలల్లో నిలుస్తుంది. ఫ్యాను వేయవద్దు, లైటు వేయవద్దు, వెలుగుతున్న లైటును ఆర్పనూ వద్దు. స్విచ్‌లో పుట్టే చిన్న రవ్వ చాలు. రెగ్యులేటర్ ఆపి, ఊడదీసి, సిలిండర్‌కు మూత బిగించి, తలుపులు, కిటికీలు పూర్తిగా తెరిచి, అందరినీ బయటికి పంపండి. నేల మీది గాలిని తడిగుడ్డతో గుమ్మం వైపు విసరవచ్చు. ఫోన్ కూడా ఇంటి బయటికి వచ్చాకే చేయండి. గ్యాస్ అత్యవసర సహాయ నంబరు 1906.

4. కరెంటు

మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో కూలర్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి నడుస్తాయి, పదేళ్ల కిందట రెండు లైట్లకు, ఒక ఫ్యానుకు వేసిన వైరింగు ఆ భారాన్ని మోయలేక గోడ లోపలే వేడెక్కుతుంది. స్విచ్‌బోర్డు ముట్టుకుంటే వెచ్చగా ఉండడం, కాలిన ప్లాస్టిక్ వాసన, ఫ్యాను వేస్తే లైటు మసకబారడం, ఎంసీబీ (భారం ఎక్కువైతే కరెంటును దానంతటదే ఆపే స్విచ్) మాటిమాటికీ పడిపోవడం, ఇవన్నీ ముందస్తు హెచ్చరికలు.

ఎంసీబీ పడిపోతుంటే దానికంటే పెద్దది బిగించడం, ఫ్యూజు పోయినప్పుడు మందపాటి రాగి తీగ చుట్టడం మన దగ్గర బాగా అలవాటైన పొరపాట్లు. కాలవలసిన ఫ్యూజు కాలదు కనుక ఇల్లు కాలుతుంది. భారం తగ్గించండి, లేదా వైరు మార్పించండి. లైట్లకు 1.5, మామూలు ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించడం వాడుకలో ఉన్న పద్ధతి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే స్విచ్) పెట్టించుకుంటే షాకు నుంచి ప్రాణం కాపాడుతుంది, లీకేజీ వల్ల లేచే మంటలూ తగ్గుతాయి.

ఎండాకాలంలో ఎర్తింగు గుంత చుట్టూ నేల ఎండిపోతే ఎర్తు సరిగా పనిచేయదు. వారానికోసారి అందులో నీళ్లు పోయండి. చెలకలో స్టార్టర్ డబ్బా కింద ఎండుగడ్డిని చెక్కి, నేలను శుభ్రంగా ఉంచండి. డబ్బా తలుపు మూసి ఉండాలి.

విద్యుత్ స్కూటర్ల గురించి ఒక మాట. రాత్రి పడుకునేటప్పుడు గుమ్మం దగ్గర, మెట్ల కింద చార్జింగు పెట్టవద్దు. బ్యాటరీ అంటుకుంటే బయటికి వెళ్లే దారే మూసుకుపోతుంది. బండితో ఇచ్చిన చార్జరే వాడండి. బయటినుంచి రాగానే వేడి బ్యాటరీకి చార్జింగు పెట్టకుండా కాసేపు చల్లారనివ్వండి. ఉబ్బినా, పొగ వచ్చినా దగ్గరికి వెళ్లకుండా అందరినీ దూరంగా పంపి 101కి ఫోన్ చేయండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోని అపార్టుమెంట్లలో మీటర్ల బోర్డు, దాని ముందే వరుసగా నిలిపిన బండ్లు, పక్కనే మెట్లు ఉండడం తరచుగా కనిపిస్తుంది. కింద మంట లేస్తే పొగంతా మెట్ల దారిలోనే పైకి ఎగబాకుతుంది. మీటర్ల బోర్డు ముందు కనీసం రెండు మీటర్ల దూరం ఖాళీగా ఉంచాలని అపార్టుమెంటు సంఘంలో పట్టుబట్టండి.

5. గడ్డివాము, కొట్టం, పత్తి

సాగర్ ఎడమ కాలువ కింద, మూసీ కింద, జూరాల, కోయిల్‌సాగర్ ఆయకట్టులో వరి వేసిన ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది. ఏడాదంతా పశువులకు వేసే మేత ఒక్క రవ్వతో పోతే, ఆ తరువాత పశువులనే అమ్ముకోవలసి వస్తుంది. అందుకే ఈ భాగాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

చోటు: గడ్డివాము ఇంటికీ, కొట్టానికీ వీలైతే 60 అడుగుల దూరంలో ఉండాలి. పైన కరెంటు తీగలు పోకూడదు. పక్కన వంట పొయ్యి, బూడిద గుంత, పదిమంది కూర్చొని బీడీ కాల్చే రచ్చ ఉండకూడదు. చుట్టూ ఆరడుగుల వెడల్పున గడ్డీ గాదం చెక్కి మట్టి నేల కనిపించేలా చేయండి. స్థలం ఉంటే ఒకే పెద్ద వాము వేయకుండా రెండు చిన్నవి విడివిడిగా వేయండి. ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది.

తేమ: వానకు తడిసిన గడ్డిని, పచ్చి మీదే యంత్రంతో కట్టలు కట్టిన గడ్డిని అలాగే వాము వేస్తే, లోపల పులిసి వేడెక్కి, కొన్ని రోజులకు దానంతటదే అంటుకోవచ్చు. అనుమానం ఉంటే పొడుగాటి ఇనుప చువ్వను వాములోకి గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకోండి. చేతికి ఓర్చలేని వేడి ఉంటే ప్రమాదం దగ్గర పడింది. అప్పుడు నీళ్లు సిద్ధంగా పెట్టుకోకుండా వామును విప్పవద్దు. గాలి తగలగానే లోపలి నిప్పు రాజుకుంటుంది.

రవాణా: ఎండకు కరెంటు తీగలు సాగి, మామూలుగా కంటే కిందికి వేలాడతాయి. ఎత్తుగా నింపిన గడ్డి ట్రాక్టరు వాటికి తగిలితే రవ్వలు గడ్డి మీద పడతాయి. బయలుదేరేముందు దారిలో తీగలు ఎక్కడెక్కడ దాటుతాయో చూసుకోండి, కిందికి వేలాడేవాటి గురించి లైన్‌మన్‌కు ముందే చెప్పండి, గడ్డి మీద మనుషులను కూర్చోబెట్టవద్దు, తీగను కర్రతో ఎత్తి దాటించే ప్రయత్నం ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు.

ట్రాలీ తీగకు తగిలి ఉండగా డ్రైవర్ దిగకూడదు. సరఫరా ఆగేదాకా సీటు మీదే ఉండాలి. మంట వల్ల దిగక తప్పకపోతే, రెండు కాళ్లూ కలిపి, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా దూకి, పాదాలు దగ్గరగా ఉంచి చిన్న చిన్న గెంతులతో దూరం వెళ్లాలి. పెద్ద అడుగులు వేస్తే నేలలోని కరెంటు కాళ్ల గుండా పారుతుంది. తీగ ఏమీ తగలకుండా గడ్డి మాత్రమే అంటుకుంటే, ఇళ్లకు దూరంగా ఖాళీ స్థలానికి నడిపి, ట్రాలీ ఎత్తి గడ్డిని దించేసి ట్రాక్టరును తప్పించవచ్చు.

కొట్టం: పశువులను లాగితే విడిపోయే ముడితోనే కట్టండి, గొలుసుతో కట్టడం మంచిది కాదు. గుంజ దగ్గర చూరులో ఒక కొడవలి ఎప్పుడూ ఉంచండి. పశువులను విప్పాక కొట్టం తలుపు మూయండి, భయపడిన పశువు తనకు అలవాటైన చోటికే తిరిగి పరుగెత్తుతుంది. దోమలకు పొగ వేస్తే ఇనుప గమేళాలో వేయండి, పడుకునే ముందు నీళ్లు చల్లి ఆర్పండి.

పత్తి: ఇంట్లో పత్తి నిల్వ ఉన్నన్నాళ్లూ ఆ గదిలో దీపం, బీడీ, చార్జింగు, ఇస్త్రీ ఉండరాదు. పత్తి మంట పైన ఆరినా లోపల రోజుల తరబడి రగులుతుంది. అంటుకున్న పత్తిని బయటికి లాగి, పరచి, కలియబెడుతూ తడపాలి. పైన బకెట్లు కుమ్మరిస్తే నీళ్లు జారిపోతాయి.

6. కొయ్యకాళ్లు, అడవి అంచులు

కొయ్యకాళ్లు కాల్చవద్దనే నా సలహా. రోటవేటర్‌తో కలియదున్ని నీళ్లు పెడితే అవి నేలలోనే కుళ్లి ఎరువవుతాయి. మధ్యాహ్నపు వడగాలిలో పెట్టిన మంట గట్టు దాటి పక్కవాళ్ల డ్రిప్పు పైపులనూ, గడ్డివామునూ, బత్తాయి తోటనూ, గీత కార్మికుల తాటి చెట్లనూ కాలుస్తుంది. మునుగోడు, నాంపల్లి వైపు తాటి చెట్టు కింద అగ్గి పెడితే ఒక కుటుంబం బతుకుదెరువుకు అగ్గి పెట్టినట్టే. పక్క పొలంలో మంట కనిపిస్తే మీ గట్టు వెంట వెడల్పుగా దున్ని మట్టి తిరగేయండి, గాలి మంటను తోసుకొచ్చే వైపు నిలబడి ఆర్పవద్దు.

అమ్రాబాద్, మన్ననూరు వైపు నల్లమల అంచుల్లో ఉన్నవాళ్లు ఇప్పపూల కోసం చెట్టు కింద ఆకులను కాల్చకుండా ఊడ్చుకోండి. శ్రీశైలం దారిలో ఆగి వంట చేసుకునేవాళ్లు పొయ్యిలోని నిప్పును నీళ్లు పోసి, మట్టి కప్పి, చేతితో చూసి చల్లారాకే కదలాలి.

7. ఇంటిల్లిపాదితో ఒక సాయంత్రం సాధన

ఇంటి నుంచి బయటపడే దారులు కనీసం రెండు గుర్తించండి. రాత్రి లోపలినుంచి తాళం వేసుకుంటే, చెవి తలుపు పక్కనే మేకుకు ఉండాలి. కిటికీలన్నిటికీ కదలని గ్రిల్లులు ఉంటే, ఒకదానికైనా లోపలినుంచి తెరుచుకునే గొళ్లెం పెట్టించండి.

నడవలేని పెద్దవాళ్లను ఎవరు తీసుకురావాలి, పసిపిల్లలను ఎవరు ఎత్తుకోవాలి అనేది పేర్లతో నిర్ణయించండి. బయటికి వచ్చాక అందరూ చేరవలసిన చోటు ఒకటి ఉండాలి: వీధి చివరి వేపచెట్టు కావచ్చు, బొడ్రాయి కావచ్చు. అక్కడ తలలు లెక్కపెట్టాలి. పిల్లలు భయంతో మంచం కింద, బాత్‌రూంలో దాక్కుంటారు. అలా చేయవద్దని, పొగ ఉంటే నేల మీద పాకుతూ రావాలని వాళ్లచేత చేయించి చూపించండి.

గోడ మీద పెద్ద అక్షరాలతో రాయవలసినవి:

– ఫైరింజన్ 101, అన్ని అత్యవసరాలకు 112, అంబులెన్సు 108
– గ్యాస్ లీకు 1906, కరెంటు ఫిర్యాదు 1912
– మీ లైన్‌మన్, సబ్‌స్టేషన్, పంచాయతీ ట్యాంకరు డ్రైవర్ ఫోన్ నంబర్లు
– మీ ఇంటికి రావడానికి గుర్తులు: మండలం, ఊరు, ఏ రోడ్డు నుంచి తిరగాలి, దగ్గరి గుడి లేదా బడి

పట్టాదారు పాస్‌పుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఒకే సంచిలో, గుమ్మానికి దగ్గరగా ఉంచండి. నకళ్లు ఇంకో ఊళ్లోని బంధువుల ఇంట్లో పెట్టండి.

8. మంట లేచాక: మొదటి పది నిమిషాల వరుస

కేక వేసి అందరినీ లేపండి. మనుషులను బయటికి పంపండి. మెయిన్ అందుబాటులో ఉంటే ఆపండి. ఒకరు 101కి ఫోన్ చేసి చిరునామా, ఏది కాలుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా, సిలిండర్లు ఉన్నాయా అన్నవి చెప్పాలి. ఇంకొకరు ఫైరింజన్ కోసం రోడ్డు మలుపు దగ్గరికి వెళ్లి నిలబడాలి. ఆ తరువాతే ఆర్పే ప్రయత్నం. అదీ మంట మీ నడుము ఎత్తుకు మించకుండా, మీ వెనుక దారి ఖాళీగా ఉన్నంతసేపే.

నూనె కడాయి అంటుకుంటే: పొయ్యి ఆపండి, పక్కనుంచి మూతను జరుపుతూ కప్పండి, చల్లారేదాకా మూత తీయవద్దు. నీళ్లు పోస్తే మండే నూనె ఎగసి మనిషి మీద పడుతుంది. కడాయిని పట్టుకొని బయటికి పరుగెత్తడమూ అంతే ప్రమాదం.

గ్యాస్ పైపు దగ్గర మంట వస్తే: రెగ్యులేటర్ దాకా చెయ్యి చేరగలిగితే తడి గుడ్డ చుట్టుకొని ఆపండి, మంట దానంతటదే పోతుంది. చేరలేకపోతే మంటను ఆర్పవద్దు. మండకుండా కారిన గ్యాస్ గదంతా నిండి పేలుతుంది. అందరూ దూరం వెళ్లాలి.

కరెంటు మంట అయితే: సరఫరా ఆగిందని తెలిసేదాకా నీళ్లు వద్దు. పొడి ఇసుక, లేదా ఏబీసీ రకం పొడి నింపిన, మంటలార్పే సిలిండర్ వాడండి. ఆ సిలిండర్‌ను వంటింట్లో పొయ్యి పక్కన కాకుండా గుమ్మం దగ్గర తగిలించాలి. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. చిన్నది కొన్ని సెకన్లలోనే అయిపోతుంది కనుక దూరం నుంచే వృథా చేయవద్దు. సిలిండర్ మీది పీడనం చూపే గడియారంలో ముల్లు పచ్చ రంగు మీద ఉందో లేదో నెలకోసారి చూడండి.

బట్టలు అంటుకుంటే: పరుగెత్తనివ్వకండి. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, లేదా గొంగడి కప్పి అదమండి. గొర్రె ఉన్ని సులభంగా మండదు కనుక మన ఇళ్లలోని అసలైన నల్ల గొంగడి ఇందుకు ఎంతో మేలు. నైలాన్ దుప్పటి, పాలిస్టర్ చీర కప్పరాదు, కరిగి ఒంటికి అంటుకుంటాయి.

మూసి ఉన్న తలుపును తెరిచేముందు అరచేతి వెనుక వైపుతో తాకండి. వేడిగా ఉంటే తెరవకుండా వేరే దారి చూడండి. బయటపడ్డాక నగల కోసం, కాగితాల కోసం, పశువుల కోసం కూడా మళ్లీ లోపలికి వెళ్లవద్దు.

9. కాలిన గాయానికి

కాలిన చోట 20 నిమిషాలు ధారగా మామూలు చల్లని నీళ్లు పోయండి. గాజులు, ఉంగరాలు, మొలతాడు వాపు రాకముందే తీయండి. ఒంటికి అంటుకున్న బట్టను పీకవద్దు, చుట్టూ కత్తిరించండి. శుభ్రమైన ఉతికిన నూలు బట్ట వదులుగా కప్పి, 108లో పంపండి.

పసుపు, పేస్టు, సిరా, నెయ్యి, కోడిగుడ్డు, ఐసుముక్క ఏదీ వద్దు. ఇవి వేడిని లోపలే ఉంచుతాయి, లేదా చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తాయి, పైగా ఆసుపత్రిలో వాటిని గీకి తీయవలసి వస్తుంది. ముఖం కాలినా, పొగ మింగి గొంతు బొంగురుపోయినా, గాయం చిన్నగా కనిపించినా ఆలస్యం చేయకుండా తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు.

10. మంట ఆరాక

గడ్డి, పత్తి, కట్టెలు కాలిన చోట కనీసం ఒక రాత్రంతా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. బూడిదను పారతో తిరగేసి, మళ్లీ తడపాలి. లైన్‌మన్ చూడకుండా మెయిన్ వేయవద్దు.

శుభ్రం చేసేముందు కాలినవాటిని అన్ని వైపులనుంచీ ఫోటోలు తీయండి. తహశీల్దారు కార్యాలయానికి, పోలీసు స్టేషనుకు తెలిపి పంచనామా రాయించండి. పశువులు చనిపోతే పాతిపెట్టకముందే పశువైద్యుడి ధ్రువపత్రం తీసుకోండి. అగ్నిమాపక కేంద్రం నుంచి ప్రమాద నివేదిక కోసం దరఖాస్తు పెట్టండి.

సిలిండర్ వల్ల జరిగిన ప్రమాదమైతే గ్యాస్ పంపిణీదారుకు వెంటనే రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోండి. కనెక్షను ఉన్న ఇళ్లలో జరిగే గ్యాస్ ప్రమాదాలకు చమురు సంస్థలు బీమా చేయించి ఉంచుతాయి. పంపిణీదారు సమాచారం పంపితేనే పరిశీలన మొదలవుతుంది. కాలిన రెగ్యులేటర్, పైపు ముక్కలను పరిశీలనకు వచ్చేవాళ్లు చూసేదాకా పారవేయకుండా ఒక సంచిలో దాచి ఉంచండి.